లడాయికి సద్ది

మొన్న మా ఆత్మకూరు బస్టాండు హోటల్లో ఒక కొత్త కండక్టరు టీ తాగుతూ, టీవీ వైపు గ్లాసు ఎత్తి చూపించి, "ఇగ ఊకోవద్దు, ఈసారి లడాయి చేసి పారెయ్యాలె" అన్నాడు. లడాయి అంటే యుద్ధమే. పాపం ఆయన వింత మాటేమీ అనలేదు, ఈ చలికాలం దేశమంతా అదే మాట అంటోంది. కానీ హోటల్లో కూర్చున్నవాళ్ళలో సగం మంది చటుక్కున నుదురు తడుముకున్నారు. ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణం సేటయితే గల్లా పెట్టె తెరిచే వదిలేసి, చెప్పులైనా తొడుక్కోకుండా రోడ్డు దాటి వచ్చి, "జర మెల్లగ మాట్లాడు నాయినా, నీకు దండం పెడ్త" అని కండక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

కండక్టరుకు ముక్క అర్థం కాలేదు. బస్సెక్కి విజిల్ వేసేదాకా మా అందరినీ అనుమానంగా చూస్తూనే ఉన్నాడు. ఊరికి కొత్త మనిషి, ఆయనకు మా అత్త గురించి ఏం తెలుసు?

ఆమె పోయి ఇంకా నెల కాలేదు. పేరు ఓటరు కార్డులో ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు. బస్టాండుకంతా ఆమె అత్త. ఆమెకు బస్టాండంతా అల్లుళ్ళు. ఇంతమంది అల్లుళ్ళలో ఎవరిని పిలుస్తోందో తెలిసేలా పిలుపుకు ముందు ఒక ముక్క తగిలించేది. నాకు అప్పట్లో ఎస్టీడీ బూత్ ఉండేది కాబట్టి నేను ఫోనల్లుణ్ణి. సేటు ఎరువులల్లుడు. హైస్కూల్లో సోషల్ చెప్పే సారు సారల్లుడు. డిపో మేనేజరు ఒకాయన ఈ వరస నచ్చక ముఖం ముడుచుకుంటే, ఆయన్ను "కోపమల్లుడు" చేసింది. బదిలీ అయి వెళ్ళేదాకా ఆయనకు ఆ పేరే నిలిచిపోయింది.

నా బూత్‌కూ టీ హోటల్‌కూ మధ్య రేకు కిందే ఆమె పొయ్యి. జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు, ఎల్లిపాయ కారం, పల్లీల పొడి, అడిగినవాళ్ళకు ఉల్లిగడ్డ. పుట్టినిల్లు బల్మూరు దిక్కు. భర్త పోయాక రొట్టెలు తట్టుకుంటూనే ఇద్దరు పిల్లలను పెంచింది. కూతుర్ని కొల్లాపూర్ ఇచ్చింది. కొడుకు మిలిట్రీలో చేరాడు. ఆమె బతుకు గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు, చెప్పినా ఆమెకు నచ్చదు. ఆమె మనసు తెలియాలంటే రొట్టె తట్టే చప్పుడు వినాలి. మామూలుగా తపతపమని ఒకే వరసలో సాగేది. కోపమొస్తే పిండి మీద దెబ్బలు పడేవి. ఆ చప్పుడు విని కూడా బేరమాడేవాళ్ళు పైఊరి వాళ్ళే అయ్యుండాలి.

కొడుకు యూనిఫాం ఫోటో పిండి డబ్బా పైన మేకుకు తగిలించి ఉండేది. సాయంత్రానికి దాని మీద పిండి పేరుకునేది. పొద్దున్నే కొంగుతో తుడుస్తూ, "మొకం కడుగుతున్న, ఆగున్రి" అనేది ముందు నిలబడ్డ గిరాకీలతో. హోటల్ టీవీలో జాతీయగీతం వస్తే పొయ్యి ముందు నుంచి లేచి నిలబడేది. పెనం మీద రొట్టె మాడిపోతున్నా తిప్పేది కాదు. గీతం అయ్యాక, అంతసేపూ కుర్చీలో కూర్చునే ఉన్నవాళ్ళెవరో వెతికి, ఆ మాడిన రొట్టె వాళ్ళ ఆకులో వేసేది. వాళ్ళు దాన్ని ముక్క మిగల్చకుండా తినేవారు. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత సంగతి విని ఆమెకు దేశం మీద ప్రేమ లేదని ఎవరైనా అంటారేమోనని. అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ మాడిన రొట్టె తిన్నవాళ్ళే.

సరిహద్దులో రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డ ఏడాది అది. కొడుకు అంతకు ముందే వాళ్ళ చేను కంది కోతల సమయానికి సెలవు మీద వచ్చాడు. ఆమె సంబంధాలు కూడా చూస్తోంది. ఇంతలో నా బూత్‌కు హిందీలో ఒక ఫోన్ వచ్చింది. సెలవు రద్దు, వెంటనే బయలుదేరాలి. ఆ మాట చెప్పడానికి రేకు కిందికి వెళితే ఆమె రొట్టె తట్టడం ఆపకుండానే విన్నది. "ఏ బండికి?" అని మాత్రం అడిగింది.

గద్వాల పోయి రైలెక్కాలి. వార్త ఊరంతా పాకింది. ఎరువుల సేటు పూలదండలు తెప్పించాడు, బ్యాండు మేళాన్ని కుదిర్చాడు. సేటు మంచివాడు, అందులో అనుమానం లేదు. జెండా పండుగ నాడు కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. ఆయన దేశభక్తి నిజమైనదే, కాకపోతే కాస్త చప్పుడు ఎక్కువ. బస్టాండు కిక్కిరిసింది. అబ్బాయి మెడలో దండలు కళ్ళదాకా వచ్చాయి. అత్త పొయ్యి మూసి, ఉతికిన చీర కట్టుకుని, కుంకుమ పళ్ళెంతో వచ్చింది. రొట్టెలు, కారం కట్టిన సద్ది మూటలు కూడా తెచ్చింది. ఒకటి కొడుక్కు, ఒకటి దారిలో ఎవరైనా ఆకలిగొన్నవాళ్ళు కనపడితే ఇవ్వడానికి. ఎవరు ప్రయాణమైనా ఆమె ఒక మూట ఎక్కువే కట్టేది.

కొడుకు వంగి కాళ్ళు మొక్కాడు. "వస్తనమ్మా" అన్నాడు. ఆమె బొట్టు పెట్టింది, సద్ది చేతికిచ్చింది. బొట్టు వంకర పోతుందేమోనని నేను కావాలనే చూశాను, పోలేదు. "పైలంగ పోయిరా" అంది. ఆ కంగారులో కొడుకు రెండో మూట చూడకుండా ఎక్కేశాడు. బస్సు మలుపు తిరిగింది. ఆమె ఇంకా అటే చూస్తోంది.

అప్పుడు సేటు కంట్రోల్ రూం మెట్లెక్కాడు. అప్పటిదాకా గొంతులో ఉన్నది కదా, బయటికి రావాలి. "ఇగ చూస్త కూసునుడు లేదు! ఈసారి లడాయి కావాల్సిందే! తాడో పేడో తేలాలె!" అని చెయ్యెత్తి అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. అత్త వెనక్కి తిరిగింది. పళ్ళెంలో కుంకుమ మిగిలి ఉంది, చంకలో రెండో మూట ఉంది. నింపాదిగా నడుచుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఎప్పుడు వోతున్నవ్ అల్లుడా?"

"యాడికత్తా?"

"లడాయికి. కావాలె కావాలె అంటున్నవ్ గద."

జనం నవ్వారు. సేటు కూడా నవ్వాడు. "నేనేమన్న మిలిట్రోన్నా అత్తా?"

"మావోడు గుడ పుట్టంగనే మిలిట్రోడు గాదు. ఆడికి వోయినంక నేర్పిస్తరు."

ఆ నవ్వు ఆగకముందే ఆమె బొటనవేలు సేటు నుదుటి మీద పడింది. సద్ది మూట ఆయన చేతిలో ఉంది. "పైలంగ పోయిరా" అంది, కొడుకుతో అన్న గొంతుతోనే.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. బొట్టు పెట్టి, సద్ది చేతికిచ్చి, పోయిరా అన్నాక మనిషి వెనక్కి తిరగకూడదు. మరిచిపోయిన వస్తువు కోసం కూడా రాకూడదు. ఊరి పొలిమేర దాటి, ఆ సద్ది తిని, అప్పుడు రావాలి. మధ్యలో మళ్ళితే ఆ మనిషికి మాత్రమే కాదు, అదే పొద్దున అదే చేత్తో బొట్టు పెట్టించుకుని బయలుదేరిన వాళ్ళందరికీ మంచిది కాదంటారు. అంటే సేటు వెనక్కి తిరిగితే ఆ చెడు ఇప్పుడే మలుపు తిరిగిన బస్సులో ఉన్న అబ్బాయికి తగులుతుంది. ఇది సేటుకూ తెలుసు, చుట్టూ ఉన్న ముసలివాళ్ళకు ఇంకా బాగా తెలుసు. వాళ్ళు నవ్వడం మానేసి ఆయన వైపు చూశారు.

అంతలో గద్వాల బస్సు ఇంకొకటి వచ్చి ఆగింది. బ్యాండువాళ్ళకు ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పకుండానే వాళ్ళకే బుద్ధి పుట్టిందో గానీ డప్పు మొదలుపెట్టారు. సేటు తాను కుదిర్చిన బ్యాండు వాయిస్తుండగా, తాను తెప్పించిన దండ ఒకటి తన మెడలోనే పడుతుండగా, సద్ది మూట గుండెకు అదుముకుని బస్సెక్కాడు. కిటికీలోంచి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "దుకాణం జర చూస్తుండు" అన్నాడు.

సాయంత్రం ఆఖరి బస్సుకు దిగాడు. జనం అప్పటికే వీరుడికి స్వాగతం పలకడానికి సిద్ధంగా ఉన్నారు గానీ, ఆయన ముఖం చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు. నేరుగా నా బూత్‌లోకి వచ్చి అద్దం తలుపు వేసుకుని కూర్చున్నాడు. గద్వాల స్టేషన్లో రైలు ఆలస్యమట. అబ్బాయి ప్లాట్‌ఫారం మీద దండలన్నీ తీసి పక్కన పెట్టి ఒక్కడే కూర్చుని ఉన్నాడట. ఇద్దరూ కలిసి సద్ది విప్పుకుని తిన్నారు. తింటూ అబ్బాయి అన్నాడట: "బావా, నేను వెనక సామాన్ల బండ్ల కాడ ఉంటనని అమ్మకు చెప్పిన. నిజానికి మమ్ముల ముందటనే నిలవెడ్తరు. నువ్వు గుడ వెనకనే అని చెప్పు. ఎవరడిగినా గట్లనే చెప్పు."

"మరి నువ్వేమన్నవ్?" అని అడిగాను.

"ఏమంట? రొట్టె గొంతుల వడ్డది. సరే అన్న."

ఆ మరునాటి నుంచి బస్టాండులో అదొక ఆచారమైంది. ఎవరు టీ గ్లాసుతో యుద్ధం మాట ఎత్తినా, అత్త రేకు కింద నుంచి లేచేది. కుంకుమ డబ్బా పిండి డబ్బా పక్కనే పెట్టుకుంది. వనపర్తి నుంచి వచ్చిన మందుల కంపెనీ మనిషి ఒకాయన, బస్సు దిగీ దిగకముందే "ఒక్క దెబ్బకు అయిపోవాలె" అన్నాడు. తిరుగు బస్సులో బొట్టుతో, సద్దితో వెళ్ళాడు. సద్ది బాగుందని మళ్ళీ నెల వచ్చి అదే మాట కావాలనే అన్నాడు. "నీది లడాయి గాదు, ఆకలి" అని ఆమె పైసలు తీసుకుని రొట్టె పెట్టింది.

సారు మాత్రం అంత తేలికగా లొంగే మనిషి కాదు. చదువుకున్నవాడు, వాదన తెలిసినవాడు. ఒక ఆదివారం బెంచీ లాక్కుని ఆమె పొయ్యి ముందే కూర్చున్నాడు. "అత్తా, నువ్వు జనాన్ని నవ్విస్తున్నవ్ గని, జర సోంచాయించు. దేశమంటే తల్లి. తల్లిని ఒకడు తిడ్తే కొడుకు ఊకుంటడా?"

"నన్ను తిట్టినోళ్ళు ఈ బస్టాండుల తక్కువున్నరా సారల్లుడా? గొడ్డలి వట్టుకొని రమ్మని నా కొడుకుకు ఎన్నడన్న ఫోన్ చేసిన్నా? ఈ ఫోనల్లుని అడుగు."

"తిట్టుడు ఇడ్సిపెట్టు. ఇంట్లకు జొరవడ్తే?"

"ఇంట్లకు జొరవడ్తే కొడుకు దాంక ఎందుకు? పెనం నా చేతులనే ఉంటది."

"మరి మేమనేది గదే గద!"

రొట్టె తట్టడం ఆగింది. "గాదు. మీరనేది అది గాదు. ఇంట్లకొచ్చినోన్ని కొట్టుడు వేరు. మా ఇంటి పేరు పెద్దగ గావాల్నని పక్కింటి మీదికి కొడుకును తోలుడు వేరు. మొదటిదానికి నేను నా కొడుకును ఇచ్చిన, వాడు గుడ ఇష్టంగనే వోయిండు. రెండోదానికి నీ కొడుకును అడుగుతున్న. ఇస్తవా?"

సారు కొడుకు వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే. "ఇయ్యనత్తా" అన్నాడు. అని అంతటితో లేవలేదు. "కని ఇది మొదటిదా, రెండోదా అని ఎవరు తేల్చాలె? ముందుగాల అందరు మొదటిదే అంటరు."

"నాకు తెల్వదు" అంది ఆమె. "నాకు తెల్వకనే గద, బొట్టు వెట్టి అడుగుతున్న. నువ్వే పోవాలె అంటే, మనిషి జర ఆగి సోంచాయిస్తడు. పక్కోడు పోతడంటే ఎవడు సోంచాయించడు. ఇగ తిను, సల్లారుతది."

ఎండాకాలం వచ్చింది. కొడుకు ఎడారిలో ఎక్కడి నుంచో అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. అత్తకు ఫోన్‌లో మాట్లాడడమంటే అవతల వాళ్ళు చెప్పిన ప్రతి మాటా బయటికి మళ్ళీ చెప్పడం. దేశ రహస్యమేదైనా ఉండి ఉంటే మా బస్టాండంతా అప్పుడే తెలిసిపోయేది. కానీ ఆమె అడిగేవి నీళ్ళు, నిద్ర, తిండి, కాళ్ళ పగుళ్ళు. ఒకనాడు తిండి దగ్గరే మాట సాగింది.

"అవుతలోళ్ళు ఏం తింటరురా? ... రొట్టెలే? ఏం రొట్టెలు? ... సజ్జయా!" ఆమె ముఖం వెలిగిపోయింది. రిసీవర్ మీద చెయ్యి పెట్టి నాతో, "అవుతల మిలిట్రోళ్ళు సజ్జరొట్టెలు తింటరంట అల్లుడా!" అంది. మళ్ళీ ఫోన్‌లో, "కర్రతోని వత్తుతరా, చేతితోని తట్టుతరా? ... చేతితోనే? ... ఒకడు మస్తు తట్టుతడా? పొద్దుగాల పొద్దుగాల?"

అని ఆగిపోయింది. అవతల కొడుకు ఇంకా ఏదో ఉత్సాహంగా చెప్తూనే ఉన్నాడు, గొంతు సన్నగా వినిపిస్తోంది. ఆమె బయటికి చెప్పడం మానేసింది. "సరే బిడ్డా. పైలం" అని పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఓ ఫోనల్లుడా. వెనక సామాన్ల బండ్ల కాడ ఉన్నోనికి, అవుతలోడు రొట్టె చేతితోని తట్టుతుండో కర్రతోని వత్తుతుండో ఎట్ల కనవడ్తదిరా?"

"దుర్భిణి ఉంటది గద అత్తా" అన్నాను.

"ఆ. ఉంటది."

వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పిండి కలిపింది. చాలాసేపు తట్టిన చప్పుడు రాలేదు. నేను అద్దం తలుపు వేసుకుని, ఫోన్ చేసుకోవడానికి వచ్చినవాళ్ళకు లైను పనిచేయట్లేదని చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. అంతే.

మరునాడు మళ్ళీ మామూలే. బస్టాండంతా వినిపించేలా, "అవుతలోళ్ళు సజ్జరొట్టెలే తింటరంటనే" అని చాటింది. సేటు ఊరుకోలేక దుకాణం మెట్ల మీద నుంచే, "తింటే ఏందత్తా? శత్రువు శత్రువే" అన్నాడు.

"శత్రువే. ఎవరు గాదన్నరు? సజ్జరొట్టె తినే శత్రువు" అంది ఆమె, అందులో ఏదో లోటు సరిదిద్దినట్టు. తర్వాత గొంతు తగ్గించి, "మావోడు వెనకనే ఉన్నడు గద అల్లుడా?" అని అడిగింది.

"ఔనత్తా. వెనకనే. సామాన్ల బండ్ల కాడ."

"మంచిది."

ఎండాకాలం పొడుగునా ఆయన ఆమెకు ఆ అబద్ధం చెప్తూనే ఉన్నాడు, ఆమె నమ్మినట్టు తలాడిస్తూనే ఉంది. నిజం ఇద్దరికీ తెలుసు. ఆమెకు తెలుసని నాకు తెలుసు. నేను ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. సేటు మాత్రం తన దుకాణానికి వచ్చే రైతుల దగ్గర మంచి సజ్జలు కనపడితే ఆమెకు పంపించడం మొదలుపెట్టాడు. నోటితో యుద్ధం కావాలనడం మానలేదు గానీ, అనేముందు ఆమె పొయ్యి దగ్గర ఉందో లేదో చూసుకునేవాడు.

ఆ యుద్ధం కాలేదు. వానలు పోయాయి, సైన్యాలు వెనక్కి మళ్ళాయని టీవీలో చెప్పారు. బస్టాండులో చాలామందికి సినిమా మధ్యలో కరెంటు పోయినట్టయింది. "గింత చేసి ఏం ఫాయిదా?" అని పెదవి విరిచారు. అత్త కొడుకు సెలవు మీద రాగానే దావత్ పెట్టింది. మా ఊళ్ళో పుట్టినందుకు దావత్ ఉంది, పెళ్ళికి ఉంది, ఓట్లల్లో గెలిస్తే ఉంది. కాని యుద్ధం కానందుకు దావత్ అదే మొదలు. కూర, బచ్చాలనే బొబ్బట్లు, నెయ్యి, గుట్టగా సజ్జరొట్టెలు. మొదటి బంతిలో కొడుకును కూర్చోబెట్టి, పక్కన సేటును చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఇద్దరు లడాయికి వోయొచ్చినోళ్ళు. ఒకడు ఏడాదికొచ్చిండు, ఒకడు మాపటికే వచ్చిండు" అని అందరికీ చెప్పింది.

సేటు నవ్వుతూనే, కానీ లోపల కాస్త మండి, "అయితే అయింది గని అత్తా, మనమేం గెలిచినమని దావత్?" అన్నాడు.

"ఏం గెలువలే అల్లుడా. గెలిచుంటే ఈ బంతిల ఒకరిద్దరు తక్కువుంటుండ్రి" అని ఆయన ఆకులో ఇంకో బచ్చం వేసింది. పక్కన అబ్బాయి తలొంచుకుని తింటున్నాడు. అప్పుడు మాత్రం ఆమె పోసిన నెయ్యి ఆకు దాటి చాప మీద పడింది.

ఆరేళ్ళు ఇట్లే గడిచాయి. నా బూత్ మూతపడి సెల్‌ఫోన్ల దుకాణం అయింది, పిలుపు మాత్రం ఫోనల్లుడే. సేటుకు షుగర్ వచ్చి, డాక్టరు జొన్నరొట్టె తినమన్నాడు. ఇక ఆయనకు రోజూ ఆమె చేతి తిండే, రోజూ ఆమె నోటి మాటే. మొన్న చలి మొదట్లో టీవీలో మళ్ళీ అవే అరుపులు మొదలయ్యాయి. కొడుకు మళ్ళీ సరిహద్దులోనే ఉన్నాడు, వాళ్ళ యూనిట్‌లో సెలవులు ఆపేశారు. అదే వారం ఆమెకు జ్వరం వచ్చింది. గద్వాల దవాఖానకు తీసుకుపోయాం. మంచం పక్కన నేనున్నాను. వరండాలో టీవీ గోల విని కళ్ళు తెరిచి, "మళ్ళ మొదలువెట్టిన్రా?" అంది. "ఎరువులల్లుని అడుగు, ఏ బండికి పోతడో. సద్ది కట్టాలె." ఆ తర్వాత మాట్లాడలేదు.

కొడుకు రాలేకపోయాడు. కూతురి భర్త, కొల్లాపూర్ అల్లుడే కొరివి పెట్టాడు. పెద్దదినం నాడు ఆమె కంది చేను గట్టు మీద పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి దూరం జరుగుతాం. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఇంకా ఏదో కోరిక మిగిలిందని, దగ్గరివాళ్ళు ఒక్కొక్కరు ముందుకొచ్చి మాట ఇస్తారు. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరికీ తిండి లేదు. ఆకులో సజ్జరొట్టె, ఎల్లిపాయ కారం, ఆకు వక్క. కరెంటు తీగ మీద కాకులు వరసగా కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"పొయ్యి ఆరనియ్య అమ్మా, నేనొచ్చి నడుపుత" అని కూతురు ఏడ్చింది. కాకులు కదల్లేదు. "బామ్మర్దికి అన్న లెక్క ఉంట" అన్నాడు అల్లుడు. లేదు. "నీ కొడుకు సెలవు కోసం పెద్దసార్లకు రాస్త అత్తా" అన్నాడు సారు. ఒక కాకి ముక్కు రెక్కలో పెట్టుకుంది. పొద్దెక్కింది. సేటుకు షుగర్ కదా, ఆకలికి ఆగలేడు. ఆ పొద్దున్నే హోటల్లో టీవీ ముందు "ఈసారి ఇడ్సిపెట్టొద్దు" అని గట్టిగా అని వచ్చాడాయన. విన్నవాళ్ళందరూ ఇప్పుడు ఆయన వైపే చూడసాగారు.

సేటు చెప్పులు విప్పి ముందుకొచ్చి చేతులు జోడించాడు. "అత్తా, నీకు అబద్ధం చెప్పిన. నీ కొడుకు వెనక లేకుండె, ముందటనే ఉండె" అన్నాడు. ఆమెకు తెలిసిన సంగతే కాబట్టి కాకులు పట్టించుకోలేదు. "ఇగ లడాయి మాట ఎత్త అత్తా" అన్నాడు. కాకులు నమ్మలేదు. నిజం చెప్పాలంటే మేమూ నమ్మలేదు. దుఃఖమో, ఆకలో, ఆమె ఇంకా ఎదురుగా కూర్చుని ఆటపట్టిస్తోందన్న ఉక్రోషమో, సేటు రెండు చేతులూ పైకెత్తి అరిచాడు.

"సరే అత్తా! లడాయంటూ అయితే ముందుగాల నేనే పోత! నీ కొడుకుకు ముందట నేనే నిలవడ్త! సద్ది కట్టుకొనే పోత, సరేనా?"

తీగ మీద నుంచి ఒక కాకి దిగింది. ఆకు చుట్టూ ఒకసారి నడిచింది. ముక్క తుంపుకోలేదు, రొట్టెకు రొట్టే నోట కరుచుకుని ఎగిరిపోయింది.

ఏడుస్తున్నవాళ్ళందరం నవ్వాం. కూతురు కూడా నవ్వింది, నవ్వుతూ ఇంకా ఏడ్చింది. సేటు మాత్రం చేతులు దించడం మరిచిపోయి కాకి పోయిన దిక్కే చూస్తున్నాడు. కాసేపటికి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఓ ఫోనల్లుడా. ఇది లెక్కకొస్తదా?"

"పిట్ట ముట్టినంక లెక్కకు రాకుంటెట్ల?" అన్నాడు పక్కనున్న సారు, సంతోషం దాచుకోలేక.

అప్పటి నుంచి సేటు పేపరు వచ్చేదాకా ఆగలేక పొద్దున్నే హోటల్‌కొచ్చి టీవీ ముందు కూర్చుంటాడు. సరిహద్దు చల్లగా ఉందంటే టీ చెప్తాడు, లేదంటే లేచిపోతాడు. సెల్‌లో ఆమె కొడుక్కు రోజూ ఫోన్ చేసి, "వెనకనే ఉన్నవ్ గద?" అని అడుగుతాడు. కూతురు ఇచ్చిన ఆమె సద్దిగుడ్డను ఉతికి, మడతపెట్టి, గల్లా పెట్టె పక్కన దేవుడి పటాల దగ్గర పెట్టుకున్నాడు. మా ఊళ్ళో, యుద్ధం కాకూడదని రోజూ ఆ పటాలకు దండం పెట్టేది ఇప్పుడు ఆయనొక్కడే.